స్లాము పాట - జోడుకాని మాట



పేకముక్కలను గూర్చి ప్రసంగమనగానే, ఈ ముసలి పంతులు బడి విడిచిన పిదప దారి తప్పెనని కొందరు పెద్దలు తలంతురేమో. పందెమొడ్డి యాడు ఆటలను గూర్చి నేను చెప్పబోవుట లేదు. బ్రిడ్జి యనెడి ఆటలో దమ్మిడీ పందెము లేకయే బుద్ధికి చాలినంత పని కలదు. అందులో స్లామనెడి పెద్దపాటను పాడుటెట్లో, ఎదిరి పాడినప్పుడు దానిని చెరచుటెట్లో, నేనొనర్చిన యొక తప్పిదమును ముందుంచుకొని మనవి చేయుదును.

తురుపు ఆటల నెరిగినవారికి ఇది సులభముగనే బోధపడును. నలుగురు కూర్చుందురు, ఎదురెదురుగా కూర్చున్నవారు జోడుకాండ్రు. 52 ముక్కలను తలకు 13 చొప్పున పంచుదురు. తలకొక ముక్క వేయగా నేర్పడిన చుట్టు ఒక పట్టు. ఆటకు ముందు వేలముపాట జరుగును. ఏది తురుపో, ఎన్ని పట్టులు గెలుతుమో అప్పుడే చెప్పవలెను. మొదటి ఆరు పట్టులు లెక్కకు రావు. కావున "ఆరు ఇస్పేట్లు" అని పాడినవాడు 12 పట్టులు గెలుతునని ప్రతిన చేసినట్లు. అది చిన్న స్లాము. ఏడు పాడినచో 13 పట్టులును గెలువవలెను. అది పెద్ద స్లాము. పాట దక్కినవాని జోడుకాడు తన ముక్కలను బల్లపై పరచి యూరకుండును. ఆ పరచిన చేతిని డమ్మీ యందురు.

అదివరకొక గేము గెలువని పక్షమునకు చిన్న స్లామునకు 500, పెద్ద స్లామునకు 1000 పాయింట్లు బహుమానము. గెలుపోటములు సరిసమానముగా తోచినను చిన్న స్లాము పాడవచ్చును. పెద్ద స్లాము సంగతి వేరు. అచ్చట అదనముగా వచ్చునది 500. ఒక్క పట్టు తప్పినను, చేతిలోనున్న చిన్న స్లాముతో గూడ పోవునది ఇంచుమించు వేయి యుండును. కావున మూడింట రెండు పాళ్లు నమ్మకము లేనిదే ఏడు పాడుట తగదు.

నమ్మకమునకు లెక్క కలదు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 వంతున పేకయంతటికి 40. జోడుకాండ్రిద్దరికి గలసి 33 ఉన్నచో ఎదిరికి మిగులునది 7. వారి చేత రెండు ఆసులుండుట పొసగదు. 37 ఉన్నచో ఒక్క ఆసును ఉండదు. 1933లో అమెరికాదేశీయుడగు ఈస్లీ బ్లాక్‌వుడ్డు అనువాడు ఆసులను పాటలోనే అడుగు ఉపాయమును కనిపెట్టెను. ఒకడు "తురుపు లేని నాలుగు" అని పాడును. జోడుకాడు తనకు ఒక ఆసున్న ఐదు డైమన్లనియు, రెండున్న ఐదు ఆఠీన్లనియు, మూడున్న ఐదు ఇస్పేట్లనియు పలుకును. ఒక్కటియు లేకున్నను, నాలుగును ఉన్నను ఐదు కళావర్లే జవాబు.

ఇక నా కథ. ఉద్యోగపు దినములలో మా పట్టణపు క్లబ్బు పోటీలో, నాకంటె చాల పెద్దలగు నొక వకీలుగారికి నేను జోడుకాడను. కడపటి ఆటలో ఎదిరివారిలో నొకరు ఇస్పేటు పాడిరి. రెండవవారు ఆఠీను పాడగా మొదటివారు దానిని బలపరచిరి. తుదకు ఆరు ఇస్పేట్లకు వచ్చి నిలిచిరి. అప్పుడు వకీలుగారు "డబులు" అనిరి. మొదటి ముక్క నేను వేయవలెను. నా చేత కళావరు రాజు, రాణి, జాకీ వరుసగా నుండెను. ఇంతకంటె మంచి యెత్తు లేదని రాజును వేసితిని. డమ్మీలోని ఆసు దానిని పట్టెను. ఆడువారు తురుపులు లాగివేసి, డమ్మీలోని ఐదవ ఆఠీనుపై తమ చేతి కళావరు నష్టమును వదలించుకొనిరి. వకీలుగారి డైమను ఆసు ఒక్కటియే మాకు దక్కెను. స్లాము నెగ్గెను.

వకీలుగారి చేత ఒక్క ఆఠీనైనను లేదు. నేను ఆఠీను వేసియున్నచో వారు తురుపుతో కోసి, వెంటనే డైమను ఆసును వేసియుందురు. రెండు పట్టులతో స్లాము కూలియుండెడిది. మాకు 100 రావలసినచోట ఎదిరికి 1210 వచ్చెను.

వారు కోపింపక, "పంతులుగారూ, నేను డబులు ఎందుకన్నానో ఆలోచించినారా?" అని మాత్రమడిగిరి.

ఆ రాత్రి ఇంటికి పోయి ఆలోచించితిని. మీమాంసకులు అర్థాపత్తి యనెడి ప్రమాణమును చెప్పుదురు. దేవదత్తుడు బలిసియున్నాడు, పగలు తినడు; కావున రాత్రి తినుచుండవలెను. ఒక మాట మరియొక విధముగా పొసగనప్పుడు, దానిని పొసగించు అర్థమును ఊహింపవలెను. డబులు వలన, స్లాము ఒక పట్టు తప్పిన మాకు అదనముగా వచ్చునది 50. నెగ్గిన అదనముగా పోవునది 230. వివేకియగు వకీలు ఇట్టి బేరమును ఊరక చేయునా? చేసినాడనగా దానికి వేరొక అర్థముండి తీరవలెను: "నీవు మామూలుగా వేయు ముక్కను వేయవలదు, ఒక రంగు నాయొద్ద లేదు, వెదకి వేయుము" అని. థియొడోరు లైట్నరు అను అమెరికా ఆటగాని పేర ప్రసిద్ధమైన డబులు ఇదియే. తురుపును గాని, పాటలో వినబడని రంగును గాని వేయక, సాధారణముగా డమ్మీ మొదట పాడిన పక్కరంగును వేయవలెనని దాని నియమము.

మరియు నా చేత నాలుగు ఆఠీన్లు కలవు. పాటను బట్టి చూడగా వారియొద్ద ఐదును నాలుగును, తొమ్మిది. నాలుగును తొమ్మిదియు పదమూడు. పిల్లలకు ముప్పది యేండ్లు కూడికలు నేర్పిన నేను ఆ కూడికను చేయలేదు. నా చేతి రాజును చూచి మురిసితినే గాని ఎదుటనున్నవారి మాట వినలేదు.

కన్నుతో, గొంతుతో సైగ చేయుట ఈ ఆటలో దోషము. జోడుకానికి గలది ఆ ఒక్క పలుకే. దానిని విని అర్థము చేసికొనుట రెండవవాని ధర్మము. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో, పురుషుల జంటల బ్రిడ్జి పోటీయందు మన దేశమునకు బంగారు పతకము తెచ్చిన ప్రణవ బర్ధనుగారికి అప్పటికి అరువది యేండ్లు. వారి జోడుకాడు శివనాథ సర్కారుగారికి ఏబదియారు. జోడుకాని మాట వినుటకు వయసు అడ్డుగాదని దీనివలన తెలియుచున్నది.

మరుసటి యేడు కనుచూపు తగ్గి వకీలుగారు ఆట మానిరి. ఆ తప్పు దిద్దుకొను అవకాశము నాకు మరల రాలేదు. ఇప్పుడెవరైనను నాతో పొసగని మాట పలికినప్పుడు, తొందరపడి నా రాజును వేయక, వారట్లేల పలికిరాయని ఒక్క నిమిషము నిలిచెదను.