మల్లవృత్తి: దాని యుత్థానపతనములు

(ప్రొద్దుటూరునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)

  

కార్యదర్శిగారు నన్ను విద్యావిషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని యాజ్ఞాపించిరి. ముప్పది సంవత్సరములకు పైగా పిల్లలచేత శబ్దములను, ధాతువులను వల్లెవేయించినవాడను గనుక నేనేమి చెప్పుదునో మీరు ముందే యూహించియుందురు. కాని నేడు నేను మాటాడదలచినది మల్లవిద్యనుగూర్చి. ముందు వరుసలో గొందఱు నవ్వుచున్నారు. నాకు కోపము లేదు. రెండు సంవత్సరములక్రిందట నేనును నవ్వినవాడనే.

కారణమును మొదటనే విన్నవించెదను. జమ్మలమడుగు ప్రాంతమున నొక పల్లెయందు శనగపైరుపై నాధారపడిన కుటుంబమొకటి కలదు. ఆ యింటి చిన్నవాడు నా శిష్యుడు. పట్టపరీక్షలో గృతార్థుడై హైదరాబాదు జేరి, యచ్చట 'మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్' అను మిశ్రమ ద్వంద్వయుద్ధమును నేర్చుచున్నాడు. వాని తల్లి మా యింటికి వచ్చి, "అయ్యవారూ, వాడు మీ మాట వినును. కొట్టించుకొనుట కొక బడియా? బుద్ధి చెప్పుడు" అని కన్నీరు పెట్టుకొనెను. ఆ పిల్లవాడు మన విద్యానిధికి సాయముకోరి యర్జీ పెట్టుకొనగా, ఇది విద్య కాదని రెండు పంక్తులలో సమాధానము వెళ్లినది. ఆ సమాధానముక్రింద నున్న సంతకములలో నొకటి నాది. నాటినుండి యా సంతకము నన్ను బాధించుచున్నది.

మన పెద్దలకు మల్లవిద్య విద్యయే. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున రచించిన 'మానసోల్లాసము'న మల్లవినోదమని యొక ప్రకరణమే కలదు. మల్లుల తరగతులు, వారి యాహారము, వారి సాధన యందు వివరింపబడినవి. ఒక మహారాజు రాజ్యభారము వహించుచు మల్లునికి బెట్టవలసిన కూటినిగూర్చి యాలోచించి వ్రాసెను! భారతమున భీముడు విరాటుని కొలువున వలలుడను పేర వంటవాడై దాగియుండి, జీమూతుడను మల్లుని గూల్చిన కథ మీరెఱుగుదురు. రంగమున గెలిచిన భీముడు మఱునాడు మఱల గరిటె పట్టవలసినవాడే. ఈ వృత్తియొక్క స్వభావమంతయు నా యొక్క ఘట్టమున నున్నదని నాకు దోచును.

మన సీమలో దీని యానవాళ్లు లేకపోలేదు. పీర్లపండుగనాడు గరిడీ, పల్లెలలో రాతిగుండు నెత్తు పందెములు, తాలింఖానాలలో కఱ్ఱసాము, ఇవి నా బాల్యమున చూచినవే. నేడు తిరునాళ్లలో బండలాగు ఎడ్లకున్న యాదరము బండనెత్తు మనుష్యునకు లేదు. ఎద్దులకు ఉలవలును, నూనెయు, వైద్యుడును! దీనికి నేనసూయపడుటలేదు, ఎద్దులు మంచివే.

ఇక తెలుగుదేశమున నీ వృత్తియందు శిఖరమునందుకొన్నవాడు కోడి రామమూర్తినాయుడు. 1882 ప్రాంతమున వీరఘట్టమున జన్మించి, బాల్యముననే తల్లిని గోలుపోయి, విజయనగరమున పినతండ్రి యింట బెరిగెను. చదువుకంటె వ్యాయామశాలయే ప్రియమైనది. మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, తాను చదివిన విజయనగరములోనే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. అనగా నతడును మా వృత్తివాడే! ఉపాధ్యాయుడై యుండిన నెలజీతముతో నిశ్చింతగా నుండెడివాడు. కాని పొట్టి పంతులుగారను మిత్రుని సాయముతో సర్కసు కంపెనీని నెలకొల్పి, దేశమెల్ల దిరిగెను. ఱొమ్ముపై నేనుగును నడిపించుకొనుట, ఇనుపగొలుసులను త్రెంచుట, కదలుచున్న మోటారుబండ్లను గొలుసులతో నాపుట, వీనిని చూచిన జనులు కలియుగభీముడని కొనియాడిరి. లండనులో నైదవ జార్జి చక్రవర్తి దంపతుల సమక్షమున తన బలమును ప్రదర్శించి 'ఇండియన్ హెర్క్యులీస్' అని పేరొందెను. శాకాహారి. ప్రాణాయామమే తన బలమునకు మూలమని చెప్పుకొనెడివాడు.

ఇంతవఱకు మనవారందఱు చెప్పుకొందురు. తరువాతి కథను చెప్పువారు తక్కువ. కాలికి పుండు పుట్టెను. అది మానక, తుదకు కాలినే తీసివేయవలసివచ్చెను. ఏ కాలిపై నిలిచి యేనుగుల నెదిరించెనో యా కాలు పోయినది. ఆర్జించిన ద్రవ్యములో పెక్కుభాగమును దానములకు వెచ్చించియుండెను. తుది దినములు స్వదేశమున గాక ఒడ్రదేశమున బలంగీరులో గడచినవి. 1942లో నచ్చటనే కన్నుమూసెను. విశాఖపట్టణపు సముద్రతీరమున నేడాయన విగ్రహము నిలిచియున్నది. విగ్రహమునకు వ్యయము చేయు చేతులు మనుష్యుడు బ్రదికియున్నపు డెచ్చట నుండునో నాకు దెలియదు.

గామా పహిల్వాను కథయు నిట్టిదే. 1910లో లండనునకు బోయి, సెప్టెంబరు 10వ తేదీని పోలండు మల్లుడగు జ్బిస్కోతో తలపడెను. జ్బిస్కో రెండు గంటలకుపైగా నేలను కఱచుకొని పడియుండి యోటమిని దప్పించుకొనెను. మఱల పోటీకి నిర్ణయించిన దినమున నతడు రాకపోగా గామాకే విజయమని ప్రకటించిరి. 1928లో పటియాలాలో వారిరువురును మఱల కలిసికొనినపుడు గామాకు నిమిషమైన బట్టలేదు. అట్టివాడు దేశవిభజనానంతరము లాహోరులో రోగముతోను, ధనాభావముతోను బాధపడి 1960లో మరణించెను.

మన కాలమునకు వత్తము. నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ బాక్సింగునందు 2011లోనే జూనియర్ ప్రపంచ విజేత యయ్యెను. 2017లో భుజము జాఱి సంవత్సరకాలము బరికి దూరమయ్యెను. 2019 డిసెంబరులో మేరీకోముతో జరిగిన యర్హతాపోటీలో 9-1 తేడాతో నోడినది. ఎందఱో యంతటితో చేతొడుగులు విప్పివేయుదురు. ఈమె విప్పలేదు. 2022 మే నెలలో ఇస్తాంబుల్ నగరమున ప్రపంచ విజేతయై, 2023లో ఢిల్లీలో మఱల గెలిచెను. 2024లో పారిస్ ఒలింపిక్సునకు గొప్ప యాశలతో బోయి, చైనా దేశపు వూ యూ చేతిలో పతకమునకు చాల ముందే యోడి కన్నీరు నించెను. అదే సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ మామెకు పోలీసుశాఖలో డి.యస్.పి. యుద్యోగము నిచ్చినది. కూతురు పొట్టిదుస్తులతో పోటీకి దిగునని బంధువులు గొణిగినపుడు లక్ష్యపెట్టక వెంటనిలిచినవాడు తండ్రి. సభలోని తండ్రులు దీనిని గమనింతురుగాక.

అయితే బాక్సింగు వేఱు, మన పిల్లవాని మిశ్రమయుద్ధము వేఱు. ఇందు పిడికిలిపోటు, కాలితాపు, మల్లపట్టు, గొంతు బిగించుట, కీలు మెలిపెట్టుట అన్నియు గలవు. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వరు నగరమున మొదటి 'అల్టిమేట్ ఫైటింగ్ చాంపియన్‌షిప్' జరిగినపుడు నిబంధనలు మిక్కిలి తక్కువ. బ్రెజిలు దేశపు రాయిస్ గ్రేసీ, బక్కపలుచనివాడు, తనకంటె బరువైనవారిని పట్టులతో లొంగదీసెను. తరువాత నిబంధనలు వచ్చినవి. సాధారణముగా నైదేసి నిమిషముల యావర్తములు మూడు, విజేతపట్టమునకైన నైదు. బరువును బట్టి తరగతులు. నాకు మిక్కిలి నచ్చిన నియమ మొకటి కలదు. పట్టులో జిక్కినవాడు చేతితో తట్టినచో పోటీ యాగిపోవును. వదలనివాడు దోషి. జరాసంధుని కాలమున నీ సౌకర్యము లేదు.

ఈ రంగమున మన దేశీయుడు ఉత్తరాఖండమువాడగు అంశుల్ జుబ్లీ చరిత్రము వినుడు. గణితము చదివినవాడు. సైన్యమున నధికారి కావలెనని పరీక్షలకు సిద్ధపడి, అది మాని యీ దారిలోనికి వచ్చెను. మొదట వీడియోలను చూచి నేర్చుకొనెను. 2023 ఫిబ్రవరిలో ఇండోనేషియా యోధుని రెండవ యావర్తమున గూల్చి, లోకమున నగ్రగణ్యమైన యా సంస్థలో నొప్పందము సంపాదించెను. దేశమంతయు పొగడినది. అదే సంవత్సరము అక్టోబరులో అబుధాబిలో మూడవ యావర్తమున నోడెను. 2025 ఫిబ్రవరిలో సిడ్నీలో నతని పోటీ పందొమ్మిది సెకండులలో ముగిసిపోయెను. పందొమ్మిది సెకండులు! నేను కళ్లద్దములు తుడుచుకొనునంత కాలము. దానికై నెలలతరబడి చేసిన సాధన, కడుపు మాడ్చుకొని తగ్గించిన బరువు, ఒక యావలింతపాటు కాలములో గతించినవి. ఉత్తరప్రదేశపు పూజా తోమర్ 2024 జూనులో గెలిచి, ఆ సంస్థలో గెలుపొందిన మొదటి భారతీయ వనిత యయ్యెను. 2025 మార్చిలో లండనులో చేయి మెలిపెట్టబడి యోడెను.

ఇందలి యార్థికస్థితి దాచవలసినది కాదు. నెలజీతము లేదు. పోటీకి దిగినందుకు గొంత, గెలిచినచో మఱికొంత, ఇదియే తఱచు పద్ధతి. ఒక తప్పటడుగుతో నందవలసిన సొమ్ములో సగము పోవచ్చును. అందుండియే శిక్షకునికి, వ్యవహర్తకు, ఆహారమునకు, వైద్యునకు బంచవలయును. దెబ్బ తగిలి సంవత్సరము మంచమెక్కినచో నాదాయము సున్న. ఒలింపిక్సులో నీ క్రీడకు స్థానము లేదు గనుక కుస్తీకి, బాక్సింగునకు గల యుద్యోగపు టాశ దీనికి తక్కువ. తలకు బలమైన దెబ్బ తగిలినవానికి కొన్నివారములు పోటీ నిషేధించుట మంచి దేశములలో నాచారము. తలపై మాటిమాటికి దెబ్బలుతిన్న బాక్సర్లకు నడకయు, మాటయు, బుద్ధియు తప్పుట 1928లోనే మార్ట్‌లాండ్ అను అమెరికా వైద్యుడు ప్రకటించెను. గామా పటియాలాలో గెలిచిన సంవత్సరమే యది. ఆ తల్లి కన్నీటికి కారణము లేదని నేను చెప్పను.

అట్లయినచో నా సంతకమునకు నేనేల వగచుచున్నాను? ఇంకొక శిష్యునిగూర్చి చెప్పిన గాని మీకు బోధపడదు. చాల యేండ్లక్రిందట పులివెందుల ప్రాంతపు పాఠశాలలో నే బనిచేయుచుండగా, ఉగాదినాడు పెద్దవారెత్తలేని రాతిగుండును పదునాఱేండ్ల పిల్లవాడొకడు భుజముమీదికి జేర్చెను. కుస్తీ నేర్చుటకు బోయెదననియు, తండ్రితో జెప్పి యొప్పింపుమనియు నన్ను వేడుకొనెను. "బలము బఱ్ఱెకును గలదు. విభక్తులు నేర్చుకొనుము" అంటిని. తరగతి పకపక నవ్వెను. వాడు నవ్వలేదు. విభక్తులును వానికి రాలేదు. ఇరువదేండ్లు నిండగానే కువైటునకు బోయి డ్రైవరయ్యెను. మొన్న నాకు ప్రొద్దుటూరు బస్సునిలయమున గనబడి పాదములకు నమస్కరించి, నా సంచి మోసెను. నడుము వంగియున్నది. ఎట్లున్నావని యడుగగా, "బాగున్నాను సార్. ఇండ్లు కట్టినాను, పిల్లలు చదువుచున్నారు" అని, బస్సు కదలునపుడు "ఆ గుండు ఇంకను మా రచ్చబండకాడనే ఉండాది సార్" అనెను. నేనేమియు ననలేకపోతిని.

వాడు కుస్తీకి బోయియుండిన గెలిచియుండునా? చెప్పజాలను. ఓడియుండుటకే యవకాశ మెక్కువ. కాని యోడుటకు వానికి గల హక్కును నేనొక చమత్కారపు మాటతో తీసివేసితిని.

కావున నా కోరిక చిన్నది. నిధి నంతయు మల్లులకు బంచుమని కాదు. వైద్యమునకు, ఇంజనీరింగునకు బోవు పిల్లల సొమ్ములో దమ్మిడీ తగ్గింపనక్కఱలేదు. పట్టము పుచ్చుకొని, అనుభవజ్ఞుడైన శిక్షకునియొద్ద జేరి, యేటేట వైద్యపరీక్ష చేయించుకొని, భీమా కట్టుకొను పిల్లవానికి మూడేండ్లపాటు భోజనవ్యయ మిచ్చినచో మన సంఘము దివాలా తీయదు. మూడేండ్లు గడచినను నిలదొక్కుకొననిచో నుపాధ్యాయశిక్షణమునకో, వ్యాయామశిక్షణమునకో వాని ఫీజు మన మీయవలయును. రామమూర్తినాయుడు మొదట వ్యాయామోపాధ్యాయుడన్న సంగతి యిచ్చట మఱల జ్ఞాపకము చేయుచున్నాను. దెబ్బతిని యింటికి వచ్చిననాడు వానిని జూచి "చెప్పితిమి గదా" యనకుండుట కూడ సాయములోనిదే. దానికి నిధి యక్కఱలేదు.

గతమాసమున నా పిల్లవాడు సెలవుపై వచ్చెను. ఎడమ చెవి వాచి గట్టిపడియున్నది. తొలిపోటీలో గెలిచి, రెండవదానిలో నోడితినని తానే చెప్పెను. ఓడినది మొదట చెప్పి, గెలిచినది తరువాత చెప్పుట నాకు నచ్చెను. తల్లి వానికి చెవికి కాపడము పెట్టుచు నన్నును, వానిని గలిపి తిట్టినది. అటుపిమ్మట వాడు తెల్లకాగితముపై గ్రొత్తగా నర్జీ వ్రాసి నాకిచ్చెను. అందు మూడు తప్పులున్నవి. దిద్దితిని. క్రింద సిఫారసు చేసి సంతకము పెట్టితిని. కాగితము నా జేబులో నున్నది. అధ్యక్షులవారి యనుమతితో దానిని కార్యదర్శిగారి చేతికి సమర్పించి, నా స్థానమునకు బోవుచున్నాను.