తుంటినొప్పికి కత్తియే శరణ్యము కాదు
(సీతాఫల్‌మండిలో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మనము సమావేశమైన ఈ పేటకు సీతాఫల్‌మండి యని పేరు. మండి యనగా బుట్టలు, బస్తాలు. బస్తా యనగా దానిని మోయు నడుము. మీ గ్రామములలో ధాన్యమెత్తువారు, నాట్లు వేయువారు, దినమంతయు ట్రాక్టరు నడుపువారు నడుము నొప్పితో బాధపడుట మీరెరుగుదురు. ఆ నొప్పి పిరుదునుండి తొడ, పిక్కల మీదుగా పాదమువరకు దిగినచో దానిని తుంటినొప్పి యందురు. అట్టి రోగి యింట మొదట పుట్టు ప్రశ్న: "ఆపరేషనుకు పొలమమ్మవలెనా?" తొందరపడవలదని మా మనవి.

వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలు గలవు. బిళ్ళ చిట్లి, లోని గుజ్జు వెలికివచ్చి నరమును నొక్కుటయే ఈ బాధకు ముఖ్యకారణమని 1934లో మిక్స్‌టర్, బార్ అను అమెరికా వైద్యులు ప్రకటించిరి. ఆ గుజ్జును చాలవరకు శరీరమే క్రమముగా హరించుకొనును. అందుచే ఎక్కువమందికి 6 నుండి 12 వారములలో శస్త్రచికిత్స లేకయే నెమ్మదించును.

పూర్వము వారముల తరబడి మంచము దిగవలదనెడివారు. నేడట్లు చెప్పుట లేదు. బాధ తీవ్రముగ నున్న ఒకటి రెండు దినములు విశ్రమించి, పిమ్మట ఓర్వగలిగినంత నడువవలెను. వేడి కాపడము, ఫిజియోథెరపీ నిపుణుడు నేర్పు వ్యాయామములు మేలుచేయును. నొప్పి మాత్రలు వైద్యుడు చెప్పినన్ని దినములే వాడవలెను. నెలల తరబడి మ్రింగినచో కడుపునకు, మూత్రపిండములకు హాని. అప్పటికిని తగ్గనిచో వెన్నులో నిచ్చు సూదిమందు కొందరికి కొంతకాలము ఉపశమనము నొసగును. వాతలు పెట్టించుట, నడుము త్రొక్కించుట మాన్పింపుడు.

అయితే ఒక హెచ్చరిక. మూత్రము బిగిసినను, తెలియకయే పోయినను, మలద్వారము చుట్టు స్పర్శ నశించినను, పాదము వ్రేలాడినను, కాళ్ళు పట్టుతప్పినను ఒక్క దినమైనను ఆగరాదు. వెంటనే పెద్దాసుపత్రికి చేర్పవలెను. అచ్చట ఆపరేషను అవసరమన్నచో వెనుదీయరాదు; ఆలస్యమైనచో పోయిన శక్తి తిరిగి రాకపోవచ్చును.

రోగము రాకుండ చూచుటలో పంచాయతీకిని పాత్ర గలదు. ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసినది. ధాన్యపు కొట్ల వద్ద ఎత్తైన అరుగు, ఒక చక్రాల బండి యున్నచో ఎన్నో నడుములు నిలుచును. నడుము వంచక మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి చేర్చి యెత్తుట యువకులకు నేర్పుడు. నడుము నిలిచిన యింట పొలము నిలుచును.