పరీక్ష ఇంగ్లీషుది, మాట మనది



ఈ రోజు మీతో ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. కాలేజీ చదువు ముగించుకొని, పై చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్ళదలచినవారు రాయవలసిన పరీక్ష ఇది. "మన లాల్‌పేట్ కాలరీ పిల్లలకు ఆ పరీక్షతో పనేమిటి మాష్టారూ?" అని మీలో కొందరు అనుకోవచ్చు. నిరుడు వేసవి దాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఒకనాటి సాయంత్రం గనిలో డ్యూటీ దిగిన ఒక కార్మికుడు మా ఇంటికి వచ్చారు. వెంట కూతురు ఉంది. బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసిన అమ్మాయి. చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్నదే. తండ్రి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పారు. "సారూ, పదిహేను వేల మీదనే గట్టి పరీక్ష రాయించిన. పోయింది. ఇంట్ల తెలుగు మాట్లాడుతది, బయట మరాఠీ, దోస్తులతోని హిందీ. ఇన్ని భాషల నడుమ ఇంగ్లీషు ఎట్లొస్తది సారూ? మల్ల గట్టమంటరా, వద్దంటరా?"

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కూలి డబ్బు విలువ తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. కట్టమని తేలికగా అనలేను. వద్దని చెప్పి ఒక పిల్ల దారి మూసేయనూ లేను. ఆ తరువాత కొన్ని నెలలు ఆ అమ్మాయితో కూర్చుని నేను తెలుసుకున్నదే ఈ రోజు మీకు చెబుతున్నాను.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. ఇలాంటి పరీక్షలు కొన్ని ఉన్నాయి. అమెరికా వారి టోఫెల్ 1964లో మొదలైంది. ఐఈఎల్‌టీఎస్ అనే పరీక్ష ఆ పేరుతో 1989 నుంచి నడుస్తున్నది. మన అమ్మాయి రాసింది ఈ రెండవది. ఇందులో నాలుగు భాగాలు: వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం. ఒక్కొక్క దానికి 9 వరకు బ్యాండ్లు ఇస్తారు. ఇందులో పాస్, ఫెయిల్ అనే మాట లేదు. మనల్ని చేర్చుకునే సంస్థ ఎంత అడిగితే అంత రావాలి. బ్రిటన్‌లో నర్సుగా పేరు నమోదు కావాలంటే వినడం, చదవడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 రావాలి. మన అమ్మాయికి మాట్లాడడంలో 6, రాయడంలో 5.5 వచ్చాయి. కాబట్టి ఫీజు కట్టే ముందు చేయవలసిన మొదటి పని, మీరు వెళ్ళదలచిన చోట ఏ పరీక్ష ఒప్పుకుంటారో, ఎంత అడుగుతారో తెలుసుకోవడం. ఫలితం 2 సంవత్సరాలే చెల్లుతుంది. తొందరపడి ముందే రాసినా నష్టమే.

ఆ అమ్మాయి తన నోటు పుస్తకాలు తెచ్చి చూపించింది. అన్నీ బట్టీ పట్టిన వ్యాసాలే. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "ఒక ప్రయాణం గురించి చెప్పమ్మా" అని ఇంగ్లీషులో అడిగాను. విమానం ఎక్కాననీ, కిటికీలోంచి మబ్బులు చూశాననీ మొదలుపెట్టింది. మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. కళ్ళు పైకప్పు వైపు పోయాయి. "బిడ్డా, నువ్వు విమానం ఎప్పుడు ఎక్కావు?" అన్నాను. "ఎక్కలేదు సార్, పుస్తకంలో అట్లనే ఉంది" అంది.

నాకు నవ్వు రాలేదు. బి.ఎడ్. చదివే రోజుల్లో నాదీ అదే కథ. ఇంగ్లీషులో పాఠం చెప్పి చూపించవలసిన రోజున మొత్తం కంఠస్థం చేసుకొని వెళ్ళాను. ఒక పిల్లవాడు మధ్యలో ఏదో అడిగాడు. అంతే, ఒక మాట జారింది, దాని వెంట పాఠమంతా జారిపోయింది. గనిలో కప్పు కింద నిలబెట్టిన సపోర్టు ఒకటి లాగేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. బట్టీ చదువు అలాంటిదే.

అందుకని అమ్మాయిని మళ్ళీ అడిగాను. "నువ్వు నిజంగా చేసిన ప్రయాణం చెప్పు." బల్లార్షాలో రైలెక్కి, వార్ధా నది దాటి, సిర్పూర్ కాగజ్‌నగర్‌లో అమ్మమ్మ ఇంటికి వెళ్ళిన సంగతి చెప్పింది. ఇంగ్లీషులో తప్పులు దొర్లాయి. కాని ఆగలేదు. స్టేషన్లో మరాఠీ ప్రకటన ఎక్కడ ఆగి తెలుగు ప్రకటన ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పింది. రెండు నిమిషాలు దాటిపోయింది.

శ్రోతలారా, పరీక్షలో సరిగ్గా అడిగేది అదే. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. మధ్య భాగంలో ఒక చీటీ మీద విషయం ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకొని, రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. బట్టీ జవాబును పరీక్షించేవారు ఇట్టే పసిగడతారు. వారికి కావలసింది మీరు ఎంత గొప్ప చోటు చూశారన్నది కాదు. చూసినదాన్ని తడుముకోకుండా, విషయం తప్పకుండా, అర్థమయ్యేలా చెప్పగలరా అన్నదే. దొరల యాస కూడా అక్కరలేదు. మన యాసకు మార్కులు తగ్గించరు, మాట స్పష్టంగా ఉంటే చాలు.

స్పష్టత విషయంలో మనవాళ్ళు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. మనం తెలుగులో మాట చివర అచ్చు పలుకుతాం. బస్సు, బుక్కు, పెన్ను అంటాం. ఇంగ్లీషులో బస్, బుక్, పెన్ దగ్గరే నోరు ఆపాలి. రెండవది, సున్నాకు ఇంగ్లీషులో వాడే మాట మొదటి ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు. 'జీరో' అని రాసుకొని అలాగే పలుకుతాం. కాని ఉర్దూ బాగా వచ్చినవారి నోట 'జమీన్', 'జరా' అనే మాటలు వినండి. అక్కడ పళ్ళ మధ్య నుంచి గాలి రాసుకుంటూ వచ్చే ధ్వనే అది. మన కాలరీలో ఆ ధ్వని వినని పిల్లలు ఉండరు. మూడవది మాటలో బరువు. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక చోట నొక్కుతారు. 'థర్టీన్' అన్నప్పుడు చివర నొక్కు, 'థర్టీ' అన్నప్పుడు మొదట నొక్కు. ఇది పట్టుబడకపోతే వినే పరీక్షలో 13 అన్నచోట 30 అని రాసి వస్తారు.

వినే పరీక్షలో 40 ప్రశ్నలు ఉంటాయి. రికార్డును ఒక్కసారే వినిపిస్తారు. మళ్ళీ అడిగే వీలు లేదు. దీనికి రేడియో కంటే మంచి గురువు లేడని నేనంటే, రేడియోలో కూర్చుని రేడియోను పొగుడుకుంటున్నానని అనుకోకండి. వార్త కూడా ఒక్కసారే వినబడుతుంది. ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు పెట్టుకొని, చేతిలో పెన్సిల్ పట్టుకొని, పేర్లు, అంకెలు, ఊళ్ళు రాసుకోండి. మొదటి వారం సగం కూడా అందవు. నెల తిరిగేసరికి చెవి దారిలో పడుతుంది. రాసే జవాబులో స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుందని మాత్రం మరవకండి.

చదివే పరీక్షకు ఒక గంట. మూడు పెద్ద పాఠాలు, 40 ప్రశ్నలు. సుమారు 30 సరిగ్గా ఉంటే 7 బ్యాండు దాకా వస్తుంది. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ప్రతి మాటకూ డిక్షనరీ తీసేవారు ఇక్కడ వెనకబడతారు. నాగపూర్ నుంచి వచ్చే హితవాద పత్రిక 1911 నుంచి నడుస్తున్నది. దాని సంపాదకీయం రోజూ ఒకటి చదవండి. తెలియని మాట వచ్చినా ఆగకుండా చివరిదాకా వెళ్ళండి. తరువాత పత్రిక మూసి, అందులో చెప్పిందేమిటో తెలుగులో ఎవరికైనా చెప్పండి. చెప్పగలిగితే అర్థమైనట్టు. చెప్పలేకపోతే మళ్ళీ చదవండి.

ఇక రాయడం. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గంటలో రెండు రాయాలి. మొదటిది 150 మాటలకు తగ్గకుండా, పై చదువుల కోసం రాసేవారికి ఒక పటమో పట్టికో ఇచ్చి వివరించమంటారు. రెండవది 250 మాటలకు తగ్గని వ్యాసం. రెండవదానికి మార్కులు రెట్టింపు. అందుచేత మొదటిదానికి 20 నిమిషాలు, రెండవదానికి 40 నిమిషాలు పెట్టుకోవాలి.

ఒకరోజు అమ్మాయికి "ఊరి పక్కన ఓపెన్‌కాస్ట్ గని ఉండవచ్చునా?" అని విషయం ఇచ్చాను. "దీని మీద వ్యాసం ఎక్కడా దొరకదు సార్" అంది. "నీ ఇంట్లోనే దొరుకుతుంది" అన్నాను. గని వల్ల తండ్రికి జీతం వచ్చింది, తన చదువు సాగింది. గని వల్లే వాకిట్లో ఆరేసిన బట్టల మీద మసి పడుతుంది, బ్లాస్టింగ్‌కు గోడ బీటలిస్తుంది. రెండు వైపులా చెప్పి, చివరికి తన అభిప్రాయం ఏమిటో కారణంతో చెప్పింది. అభిప్రాయం, కారణం, ఉదాహరణ, ఎదుటివారి మాటకు జవాబు. వ్యాసానికి కావలసిన నాలుగూ వచ్చాయి.

తప్పులు మాత్రం మిగిలాయి. అవి మన భాషల నుంచి వచ్చిన తప్పులే. తెలుగులోనూ మరాఠీలోనూ క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషులో కర్త పక్కనే వస్తుంది. "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అన్నదాన్ని మాటకు మాట తిప్పితే "టు మీ టూ బ్రదర్స్ ఆర్" అవుతుంది. "ఐ హావ్ టూ బ్రదర్స్" అనాలి. అలాగే 'ఎ', 'ద' అనే చిన్న మాటలకు సరిసమానమైనవి మన భాషల్లో లేవు. అందుకని వదిలేస్తాం. నేను చెప్పే ఉపాయం ఒకటే. రాయడం అయ్యాక, కేవలం ఈ రెండు తప్పుల కోసమే మరొకసారి చదవండి. అన్ని తప్పులూ ఒకేసారి వెదికితే ఏదీ దొరకదు.

మూడు భాషలు అడ్డమా అని ఆ తండ్రి అడిగారు కదా. అడ్డం కాదనే నా అనుభవం. ఇంట్లో ఒక వాక్యం, అంగడిలో ఇంకొక వాక్యం, గని దగ్గర మరొక వాక్యం కట్టుకునే పిల్లకు, ఒకే సంగతిని నాలుగు రకాలుగా చెప్పవచ్చునని ముందే తెలుసు. ఆమెకు లేనిది నాలుగో భాషను నోటితో వాడే చోటు. ఆ చోటు మనం కల్పించాలి. మహారాష్ట్రలో 12వ తరగతి ఇంగ్లీషులో 20 మార్కులు నోటి పరీక్షకు ఉన్నాయి. జూనియర్ కాలేజీ విద్యార్థులారా, ఆ మార్కులు ఎలాగూ పడతాయని ఊరుకోకండి. మాట్లాడి సంపాదించుకోండి. మీ అసలు తయారీ అక్కడే మొదలవుతుంది.

ఆరు నెలల ముందు నుంచి రోజుకు ఒక గంట చాలు. 15 నిమిషాలు వినడం, 20 నిమిషాలు చదవడం, 15 నిమిషాలు రాయడం, 10 నిమిషాలు గొంతెత్తి మాట్లాడడం. ఒక నేస్తం ఉంటే మరీ మంచిది. ఇప్పుడు పరీక్ష ఎక్కువగా కంప్యూటర్ మీద రాస్తున్నారు, కాబట్టి ఇంగ్లీషు టైపింగ్ కూడా అలవాటు చేసుకోండి. పరీక్షకు పాస్‌పోర్టు తప్పనిసరి. దానిలో పేరు ఎలా ఉందో దరఖాస్తులోనూ అలాగే ఉండాలి. మనకు దగ్గరలో నాగపూర్‌లో పరీక్ష కేంద్రం ఉంది. "ఇంత బ్యాండు గ్యారంటీ, ఇంత డబ్బు" అనేవాడు ఎదురైతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. తండ్రి మళ్ళీ ఫీజు కట్టారు. మూడు భాగాల్లో గట్టెక్కింది. మాట్లాడడంలో 7 వచ్చింది. రాయడంలో 6 దగ్గర ఆగింది, అర బ్యాండు తక్కువ. కంప్యూటర్ మీద రాసినవారికి ఒక్క భాగమే 60 రోజుల్లోగా తిరిగి రాసే సదుపాయం ఉంది. అయితే అన్ని సంస్థలూ దాన్ని ఒప్పుకోవు. ముందు అది అడిగి తెలుసుకొని, ఆ తరువాతే డబ్బు కట్టమని చెప్పాను. ఈ మధ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అమ్మాయి బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్నది. ఈసారి తండ్రి కుర్చీ వేసుకొని పక్కనే కూర్చున్నారు. "ఏం రాస్తుందో నాకు తెలువది సారూ. కని రాసింది నాకు తెలుగుల చెప్పుతది. గది మా కాలరీ ముచ్చటే" అన్నారు.

మొదట ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు నాకు అప్పుడు దొరికింది. పిల్ల చెప్పదలచుకున్నది పిల్లదే అయినప్పుడు, కట్టిన డబ్బు వృథా కాదు. మీ ఇంట్లో కూడా పరీక్షకు సిద్ధమయ్యే పిల్లలు ఉంటే, ఈ రాత్రి అన్నాలయ్యాక పక్కన కూర్చోండి. "ఇవాళ ఇంగ్లీషులో ఏం రాశావు, నాకు మన భాషలో చెప్పు" అని అడగండి. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు కూడా చేయగలిగిన సాయం అది.