నోటును బంగారమును

(ఇందుకూరుపేటలో రైతుల సభయందు చేసిన యుపన్యాసము)



పంట యమ్మగా చేతికి వచ్చిన సొమ్మును నోట్లుగా నుంచవలెనా, రెండు సవరల బంగారము కొనవలెనా యని మీలో కొందరు నన్నడిగిరి. ఇది యాడువారి నగల ప్రశ్న యని నవ్వి త్రోసివేయుట చదువుకొన్నవారి కలవాటు. నేనట్లు నవ్వజాలను. ప్రభుత్వమునకును ప్రజకును నడుమ గల నమ్మిక యెట్టిదో యీ ప్రశ్నలోనే యున్నది.

మన నెల్లూరి చెంతనే జరిగిన యొక వృత్తాంతము వినుడు. 1786 ప్రాంతమున నొక రైతు పొలము దున్నుచుండగా నాగలి యిటుకకట్టునకు తగిలెను. త్రవ్వి చూడగా నది శిథిలమైన చిన్న దేవాలయము. దాని క్రింద నొక కుండ, కుండలో రోము దేశపు బంగారు నాణెములు. ట్రాజను, హేడ్రియను చక్రవర్తుల ముద్రలు వానిపై నుండెను. ఆ చక్రవర్తు లెవరో యా రైతెరుగడు. రోము నగరమున వారి సింహాసనము కూలి పదుమూడు శతాబ్దములు గడచెను. అయినను పాత బంగారమని యమ్మబోగా కొనువారు దొరకిరి. అందు పెక్కు మూసలో కరగిపోయినవి. అది చరిత్రకారులకు దుఃఖమే గాని రైతునకు గాదు. రాజు ముద్ర చెల్లకపోయినను లోహము చెల్లినది.

ఇక మన రూపాయ సంగతి. మదరాసు రాజధానిలో 1818 వరకు బంగారు వరహా చెల్లుచుండెను. మూడున్నర రూపాయలకు వరహా యని లెక్కగట్టి దానిని తీసివేసిరి. 1835 నాటి శాసనముచే రూపాయలో 165 గ్రెయినుల మేలి వెండి యుండెను. 1940లో వెండి సగమునకు దిగెను. 1947లో వెండి పోయి నికెలు వచ్చెను. పేరు మారలేదు, పన్ను కట్టునప్పుడు లెక్కయు మారలేదు. లోపలి సరకు మాత్రము జారిపోయెను.

రెండవ మహాయుద్ధకాలమున జరిగిన పని యింతకన్న ఘోరము. ఇంగ్లండు తన యుద్ధమునకై యిచ్చట బియ్యము, బట్ట, తోలు కొనెను. వెలకు బదులు లండనులో మన పేర స్టెర్లింగు పత్రములు జమకట్టెను. ఆ పత్రములను చూపి యిచ్చట నోట్లచ్చొత్తిరి. 1939లో సుమారు 180 కోట్ల రూపాయలుగా నున్న నోట్లు యుద్ధము ముగియునప్పటికి 1,200 కోట్ల దరిదాపునకు వచ్చెను. శాసనసభ యడుగని పన్ను, రసీదు లేని పన్ను ప్రతి కూలివానిపై బడెను. ధాన్యము గాదెలో గలవాడు గట్టెక్కెను. దినకూలి మునిగెను. 1943లో వంగదేశపు క్షామమునకు కారణములు పెక్కు గలవు. వానిలో నీ నోట్ల వెల్లువయు నొకటి.

అయితే బంగారమును పూజింపుడని చెప్పుటకు నేను రాలేదు. 1927 నాటి శాసనము రూపాయను పదునెనిమిది పెన్నీలకు కట్టి, తులము బంగారము 21 రూపాయల 3 అణాల 10 పైలకు కొందుమనెను. అమ్ముటకు మాత్రము 1,065 తులములకు తక్కువ కాదనియు, బంగారమిచ్చుటయో స్టెర్లింగిచ్చుటయో సర్కారు చిత్తమనియు నిబంధన పెట్టెను. మనలో నెవరింట 1,065 తులములున్నవి? పేరు బంగారముది, పెత్తనము లండనుది. ధాన్యము ధర పడిపోయినను ఆ మారకపు రేటును సడలింపలేదు. 1931లో ఇంగ్లండు తాను బంగారమును వదలుకొని మన రూపాయను స్టెర్లింగునకు కట్టగా, శిస్తు కట్టలేని రైతుల యిండ్ల నుండి పుస్తెలు, కడియములు బొంబాయి రేవు దాటి పోయెను. ఆ నగలే లేకున్నచో పొలములే పోయియుండును. బంగారము చేసిన మేలు కొలువవలసిన దచ్చటనే.

అది పరప్రభుత్వము గదా యందురు. మన మండలపు పల్లిపాడున 1921లో మహాత్ముడు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిననాడు కోరిన స్వరాజ్యము వచ్చినది. కాని 1935లో రిజర్వు బ్యాంకు పుట్టినపుడు నోట్లలో నూటికి నలువది వంతులకు బంగారము, స్టెర్లింగు పత్రములు నిధిగా నుండవలె ననెడి నియమముండగా, 1956లో మనమే దానిని తీసివేసితిమి. 1957 సవరణ ప్రకారము 200 కోట్ల నిధి చాలును. అందు బంగారము 115 కోట్లు. 2025 మార్చి నాటికి చెలామణిలో నున్న నోట్లు 36 లక్షల కోట్లకు పైబడినవి. ఆ నియమ మిప్పుడు ఏనుగునకు కట్టిన నూలుపోగు. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి యయిదువందల, వేయి రూపాయల నోట్లు చెల్లవన్నపుడు బీరువాలో నున్న సవరకు మాత్రము ఏ బ్యాంకు గుమ్మమునను వరుసలో నిలువవలసిన పని లేకపోయెను.

న్యాయముగా చెప్పవలెనన్న, 2025 మార్చిలో బ్యాంకు వద్ద సుమారు 879 టన్నుల బంగారముండెను. 1991లో విదేశీ ద్రవ్యము నిండుకొన్నపుడు 47 టన్నులు తాకట్టు పెట్టి పరువు నిలుపుకొన్న సంగతి వారు మరువలేదు. మన నోట్లను తాకట్టు పట్టుకొనువా డానాడు లేడు. కాని యీ సంచయము నేటి యధికారుల వివేకమే గాని శాసనము కాదు. వివేకము మనిషితో పోవును.

మీ ప్రశ్నకు నా బదులు: విత్తనములకు, ఎరువులకు, ఆరునెలల యింటి ఖర్చునకు కావలసినది నోట్లుగానే యుంచుడు. బంగారము వడ్డీ పుట్టింపదు, దాని ధరయు పడిపోవుట కలదు. దీర్ఘకాలము దాచదలచిన దానిలో కొంత బంగారముగా నుంచుట మూఢత్వము కాదు. అప్పుచేసి మాత్రము కొనవలదు. ఇక మీ పార్లమెంటు సభ్యుడు ఓట్లకు వచ్చినపుడు రిజర్వు బ్యాంకు శాసనమందలి 33వ విభాగమును గూర్చి యడుగుడు. ఈ 200 కోట్ల యంకెను తీసివేసి, నోట్లతోపాటు పెరుగు బంగారపు నిష్పత్తిని మరల వ్రాయింతువా లేదా యని సభలోనే, పదిమంది వినుచుండగా నడుగుడు.