సరిహద్దు దాటిన చందా

కొడుకో, అల్లుడో, మేనల్లుడో దుబాయికో షార్జాకో మస్కటుకో పోయి కష్టపడుచున్న ఇండ్లు మన ఓరుగల్లు ప్రాంతమున పెక్కు గలవు. అట్టివారు ఫోనులో మాటాడునపుడు, డబ్బు సంగతులును పొలము సంగతులును ముగిసిన పిదప, మరియొక కోరిక మెల్లగా బయటపెట్టుదురు: నీ పేరిట టెలివిజనుకు చందా కట్టి, ఆ డబ్బా నాకు పంపించుమని. నేనట్లు పంపినవాడను. ఆ కథయు, దాని లోతుపాతులును ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని.

మొదట ఆకాశము సంగతి. భూమధ్యరేఖకు పైన ఇంచుమించు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహమునకు భూమిని ఒకసారి చుట్టివచ్చుటకు ఒక దినము పట్టును. భూమియు ఆ కాలమున ఒక చుట్టు తిరుగును గనుక, క్రింద నున్న మనకు ఆ ఉపగ్రహము కదలక నిలిచినట్లే యుండును. ఈ ఎత్తునుండి లోకమున కంతకును ప్రసారములు చేయవచ్చునని 1945లో ఆర్థర్ క్లార్క్ అను ఆంగ్లేయ రచయిత ఒక పత్రికలో వ్రాసినాడు. నేడది పల్లెపల్లెకును అనుభవములోని మాట. 2022 జూన్ నెలలో దక్షిణ అమెరికాలోని కూరూ నుండి పంపబడిన మన జీశాట్-24 ఉపగ్రహము 83 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలుపబడినది. ఆ తావును చూచుటకు హనుమకొండలోని మా మేడమీది పళ్లెము, అనగా మనవా రనెడు ఛత్రి, ఇంచుమించు దక్షిణముఖమై ముప్పాతిక ఎత్తునకు మొగమెత్తియుండవలెను. షార్జాలోని వాడు అదే తావును చూడవలెనన్న ఛత్రిని ఆగ్నేయమునకు త్రిప్పి సగము ఎత్తునకు నిలుపవలెను. అంతియే భేదము.

ఉపగ్రహపు కిరణము పెట్రోమాక్సు దీపము వంటిది. చిందు భాగవతమునాడు దీపము రంగస్థలముమీద పడుటకే వెలిగింతురు. అయినను ప్రక్క వీధి అరుగులమీద కూడ కొంత వెలుతురు పడకపోదు. భారతదేశముకొరకై పంపిన కిరణము అరేబియా సముద్రమును దాటి అట్లే మసకగా పడుచుండెను. అందువలననే ఇక్కడ చిన్న ఛత్రి చాలినచోట, అక్కడ పెద్దది కావలసివచ్చెడిది.

వెలుతురు పడినంత మాత్రమున బొమ్మ కనబడదు. చందా కట్టినవారికే కనబడునట్లు బొమ్మను చిక్కుముడి చేసి పంపుదురు. ముడి విప్పు తాళపుచెవి డబ్బాలోని కార్డునందుండును. నేను వరంగల్లులో నెలచందా కట్టగానే, ఫలానా సంఖ్యగల కార్డు తెరువబడుగాక అను ఆజ్ఞ ఉపగ్రహమునుండి వెలుతురు పడు మేరయంతటను చల్లబడును. ఆ సంఖ్యగల కార్డొక్కటే దానిని గ్రహించును. కార్డు హనుమకొండలో నున్నదా, సముద్రమున కావల నున్నదా యని ఉపగ్రహ మెరుగదు. ఆ డబ్బాకు చెవియే గాని నోరు లేదు.

ఇక నా కథ. 2010వ సంవత్సరమున నా మేనల్లుడు షార్జా నుండి ఫోను చేసి, "మామా, ఒక్కగదిలో ఎనిమిదిమందిమి ఉంటున్నము. బతుకమ్మ పాట చెవిన బడక రెండేండ్లాయె. అందరము తలా కొంత వేసుకుంటము, నీ పేరు మీద కనెక్షను తీసుకో" అన్నాడు. కాదనుటకు నోరు రాలేదు. ఒక దుకాణమునకు పోయి, డబ్బా మా యింటనే యుంచెదనని అచ్చువేసిన కాగితముమీద చేవ్రాలు చేసితిని. చదువకుండ చేసితినని చెప్పను, చదివియే చేసితిని. సెలవుకు వచ్చిన వాని మిత్రు డొకడు ఆవకాయ జాడీకిని బొంతకును నడుమ ఆ డబ్బాను సర్దుకొని పోయెను. మూడేండ్లకు పైగా నేను నెలనెలా చందా కట్టుచు వచ్చితిని. 2012 ఫిబ్రవరిలో మేడారము జాతరలో సమ్మక్క గద్దెకు వచ్చిన వేళ ఆ గదిలోని ఎనమండుగురును టెలివిజను ముందు లేచి నిలిచి దండము పెట్టిరని వాడు చెప్పగా నా కన్నులు చెమర్చినవి.

2014 జనవరిలో ఒకనాడు చందా కంపెనీ మనిషి మా యింటికి వచ్చి డబ్బా చూపుమనెను. నేనేమి చూపుదును? మరమ్మతున కిచ్చితినంటిని. డెబ్బదియేండ్లకు చేరువైనవాడను, నా మనుమని యెదుట ఆ అబద్ధమాడితిని. వారమునాటికి కార్డు మూయబడినది. ముందుగా కట్టిన చందా పోయినది. అక్కడ పని యింకను చెడినది. ఛత్రులు బిగించువాని దుకాణముమీద అధికారులు వచ్చి పడిరనియు, గిరాకీదార్ల పేర్ల పుస్తకము పట్టుకొనిపోయిరనియు విని, ఆ యెనమండుగురును ఒక రాత్రియందే ఛత్రిని ఊడదీసి దాచిరి. వారికేమియు కాలేదు. కాని ఇంటికి డబ్బు పంపవలసినవాడు వీసా పోవునేమో యను భయముతో నెల దినములు కంటికి కునుకు లేక గడపినాడు. ఆ ఫిబ్రవరి జాతర వారు చూడలేదు. అదే నెల 18వ తేదీన లోక్‌సభలో తెలంగాణ బిల్లు నెగ్గుటయు చూడలేదు. దీనికి మాత్రము వాడు చింతింపనక్కరలేదు. ఆనాడు సభలోని ప్రత్యక్షప్రసారమే నిలిచిపోయినందున, వరంగల్లులో కూర్చున్న నేనును చూచినది లేదు.

డబ్బు కట్టితిమి గదా, దొంగతన మెట్లగునని మీ రడుగవచ్చును. నేనును అట్లే వాదించితిని. చందా కంపెనీకి అమ్మబడిన హక్కు ఈ దేశపు ఎల్లలలోపల చూపుటకే. సినిమాయైనను క్రికెట్టు ఆటయైనను దేశదేశమునకు వేరువేరుగా అమ్ముదురు. ఇది మనకు క్రొత్త కాదు. తెలుగు సినిమా వర్తకులు నేటికిని నైజాము, సీడెడు అని ప్రాంతములుగా పంచి చిత్రములను అమ్ముచున్నారు. సముద్రమున కావలి దేశములు ఓవర్సీసు అను మరియొక భాగము. నిజాము పాలన 1948లో ముగిసినను, సినిమా వర్తకములో మన ఓరుగల్లు నేటికిని నైజాములోనే యున్నది! ఇట్లుండగా, గల్ఫు దేశములకు ప్రసారహక్కు కొన్నవాని సరకును, ఇక్కడి చవుక ధరకు దొడ్డిదారిని అక్కడికి చేర్చిన తప్పు నాది. అదిగాక, అక్కడి ప్రభుత్వముల అనుమతి ఆ డబ్బాకు లేదు.

అయినను న్యాయమంతయు ఒక్క పక్షముననే యున్నదని నేనొప్పను. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో మద్యశాల నడుపు ఒక స్త్రీ, అక్కడి చందా ప్రియమని, గ్రీకుదేశపు కార్డు తెచ్చి ఫుట్‌బాలు ఆటలు చూపినది. వ్యాజ్యము యూరపు న్యాయస్థానము వరకు పోయెను. ఆ సమాఖ్యలోని ఒక దేశపు కార్డును మరియొక దేశమున వాడరాదని అడ్డగించుట చెల్లదని 2011 అక్టోబరు 4వ తేదీన ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. అయితే మద్యశాలలో పదుగురికి చూపుటకు, ఆ ప్రసారములోని కొన్ని భాగములకు హక్కుదారుల అనుమతి వలయుననియు చెప్పినది. 2018 నుండి అక్కడి చందాదారుడు ఆ సమాఖ్యలోని మరియొక దేశమునకు కొంతకాలము పోయినను తన ఇంటి చందాను ఇంటర్నెట్టులో చూచుకొనుటకు శాసనమే కలదు. మన దేశమునకును గల్ఫు దేశములకును నడుమ అట్టి ఒడంబడిక లేదు. ఉండవలెనని నా అభిప్రాయము. కూలికై పోయినవాడు తన భాష వినగోరుట నేరముగా ఎంచదగిన కోరిక కాదు.

మా తండ్రిగారు చెప్పెడివారు. ఆ కాలమున హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో యుండెడిది. మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము 1938 జూన్ 16వ తేదీన వచ్చినది. ఓరుగల్లు ఒక రాజ్యమున, మద్రాసు వేరొక రాజ్యమున. అయినను రాత్రివేళ మద్రాసు తెలుగు మాట వినుటకు మా తాతగారి అరుగుమీద పదిమంది చేరెడివారట. 1948 సెప్టెంబరులో ఢిల్లీ వార్తలను తలుపులు మూసి, గొంతు తగ్గించి వినిరట. ఆ వినుటకు ఎల్ల దాటిన చందా యేదియు లేదు. గాలిలో వచ్చినది చెవిని పడినది. చిక్కుముడియు తాళపుచెవియు వచ్చిన పిమ్మటనే ఈ చిక్కంతయు.

కనుక మీవాడు అడిగినపుడు ఏమి చేయవలెను? అక్కడి కేబులు కంపెనీలును ఉపగ్రహ కంపెనీలును అక్కడి అనుమతితోనే తెలుగు చానెళ్లను అమ్ముచున్నవి. తెలుగు కట్ట యేది, నెలకెంత, గదిలో పదిమంది కలిసి తీసికొనవచ్చునా యని వానినే అక్కడ అడుగుమనవలెను. ఇంటర్నెట్టు ద్వారమున విదేశములలోని మనవారికి చానెళ్లు పంపు సేవలును గలవు. 2006లో మొదలైన యప్ టీవీ అట్టిది. మన చానెళ్లు కొన్ని తమ వార్తలను ఫోనులో ఊరకయే చూపుచున్నవి. అక్కడ అనుమతిగల సేవయా కాదాయను మాట మాత్రము డబ్బు కట్టుటకు ముందే తేల్చుకొనవలెను. మీ ఇంటి చిరునామాతో, మీ చేవ్రాలుతో తీసికొన్న డబ్బాను మాత్రము ఎవ్వరి సంచిలోను సర్దనీయకుడు.

గడచిన సంవత్సరము నర్సంపేటలోని మా చెల్లెలి కొడుకు మస్కటుకు పోవుచు, అదే డబ్బా సంగతి నా యొద్ద ఎత్తినాడు. నేను కూడదంటిని. "అక్కడి చందా నాలుగింతలు మామా, నా జీతమెంత?" అన్నాడు. వాని మాటయు నిజమే. అందులో సగము నేను పంపెదనంటిని. ఈ నెలది మొన్ననే పంపితిని.