కన్సోల్‌ని అమ్మేది కన్సోల్ కాదు, మొదటి 5 నిమిషాలు!



ఈ రోజు టాపిక్ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయంతో మొదలుపెడతా. 2021లో, నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నప్పుడు, బోనస్ డబ్బులతో పీఎస్ 5 కొన్నా. డిస్క్ మోడల్ అప్పుడు 49,990 రూపాయలు. వర్క్ ఫ్రం హోమ్ కాబట్టి ఊళ్ళోనే ఉన్నా. మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి అప్పుడే రిటైర్ అయ్యారు. ఏళ్ళ తరబడి తెల్లవారుజామున 4 గంటలకి లేచి డ్యూటీకి వెళ్ళిన మనిషి, ఇప్పుడూ అదే టైముకి లేస్తున్నారు. కానీ వెళ్ళడానికి డ్యూటీ లేదు. వరండాలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చుంటున్నారు.

సరే, ఇద్దరం కలిసి ఆడితే కాలక్షేపంగా ఉంటుందని కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టా. నేను పెట్టింది నాకు బాగా ఇష్టమైన కత్తియుద్ధాల గేమ్. రెండు నిమిషాల్లో మూడుసార్లు చచ్చిపోయారు. కంట్రోలర్ టీపాయ్ మీద పెట్టేసి, "మన వల్ల కాదురా ఇది, నువ్వాడుకో" అని లేచి వెళ్ళిపోయారు.

నాకు కాస్త కోపం వచ్చింది, ఇంకొంచెం ట్రై చెయ్యొచ్చు కదా అని. కానీ తర్వాత ఆలోచిస్తే తప్పు ఆయనది కాదు, నాది. కొత్తవాళ్ళని గేమ్‌లోకి ఎలా లాగాలి అన్న ప్రశ్న మీదే కొన్ని కంపెనీలు నిలబడ్డాయి, కొన్ని దెబ్బతిన్నాయి. ఆ కథే ఈ రోజు చెప్పుకుందాం.

ముందు మనందరికీ తెలిసిన మారియో. నా ఏజ్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, టీవీకి పెట్టుకునే డూప్లికేట్ వీడియో గేమ్, అందులో పసుపు క్యాసెట్. దాని మీద లక్షల గేములున్నట్టు రాసి ఉంటుంది, పెట్టి చూస్తే అవే పది గేములు మళ్ళీ మళ్ళీ వస్తాయి! అందులో మారియో ఆడటం మనకి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. ఇంగ్లిష్ చదవడం కూడా సరిగ్గా రాని వయసులో మనమే నేర్చుకున్నాం.

ఎలాగో చూడండి. 'సూపర్ మారియో బ్రదర్స్' 1985లో వచ్చింది. మొదటి లెవెల్ మొదలవ్వగానే మారియో స్క్రీన్‌కి ఎడమవైపు ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. అంటే కుడివైపుకి వెళ్ళాలని చెప్పకుండానే చెప్పినట్టు. కొంచెం ముందుకెళ్తే గుంబా ఎదురొస్తుంది. తగిలితే చచ్చిపోతాం. పోయింది ఎంత? కొన్ని సెకన్లు. రెండోసారి ఎగురుతాం. పైన ప్రశ్న గుర్తున్న బాక్స్ మెరుస్తుంటుంది, తల తగిలితే కాయిన్ వస్తుంది. ఇంకోదాన్ని కొడితే పుట్టగొడుగు వస్తుంది. అది కుడివైపుకి జారి, పైపుకి తగిలి, తిరిగి మన వైపే వస్తుంది. భయపడి తప్పించుకుందామని ఎగిరినా, పైనున్న ఇటుకలకి తల కొట్టుకుని దాని మీదే పడతాం. పడగానే మారియో పెద్దవాడవుతాడు. ఓహో, ఇది మంచిదన్నమాట! డిజైనర్ షిగెరు మియామోతో ఇదంతా కావాలనే ఇలా పెట్టామని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. అంటే ఆ లెవెల్ మొత్తం ఒక క్లాస్ రూమ్. కాకపోతే క్లాసులో ఉన్నామని మనకి తెలియదు.

ఇప్పుడు కన్సోల్ అమ్మకాల వైపు వద్దాం. అటారీ కంపెనీ 1977లో తన కన్సోల్‌ని రిలీజ్ చేసింది. దానికి అసలు ఊపు వచ్చింది 1980లో, ఆర్కేడ్‌లో జనం ఎగబడి ఆడుతున్న 'స్పేస్ ఇన్వేడర్స్'ని ఇంటికి తెచ్చినప్పుడు. ఆ ఒక్క గేమ్ కోసం జనం మెషీన్ కొన్నారు. గేమ్ కోసం కన్సోల్ కొనడం అనే అలవాటు పెద్ద ఎత్తున మొదలైంది అక్కడే.

1989లో నింటెండో గేమ్ బాయ్ తెచ్చింది. అమెరికాలో దానితో పాటు ఏ గేమ్ ఇవ్వాలన్నది ప్రశ్న. చేతిలో మారియో ఉంది కాబట్టి అదే ఇస్తారని ఎవరైనా అనుకుంటారు. కానీ హెంక్ రోజర్స్ అనే ఆయన నింటెండో వాళ్ళతో వాదించి 'టెట్రిస్' పెట్టించారు. ఆయన లాజిక్ ఏంటంటే, మారియో ఇస్తే పిల్లలు కొంటారు, టెట్రిస్ ఇస్తే అందరూ కొంటారు. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో చేసిన గేమ్ అది. పైనుంచి ముక్కలు పడతాయి, సర్దాలి, అంతే. సామాన్లు సర్దడం రానివాళ్ళు ఎవరుంటారు చెప్పండి? గేమ్ బాయ్, దాని కలర్ మోడల్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

2006లో మళ్ళీ అదే ఐడియా. నింటెండో వీ కన్సోల్‌తో జపాన్ బయట చాలా దేశాల్లో 'వీ స్పోర్ట్స్' ఫ్రీగా ఇచ్చారు. బౌలింగ్ ఆడాలంటే బోలెడు బటన్లు గుర్తుపెట్టుకోవక్కర్లేదు, ఒక్క బటన్ నొక్కిపట్టి, నిజంగా బంతి వేసినట్టు చెయ్యి ఊపి వదిలితే చాలు. దాంతో వీడియో గేమ్ ఎప్పుడూ ముట్టుకోని తాతయ్యలు, అమ్మమ్మలు కూడా ఆడారు. వీ 10 కోట్లు దాటింది.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. గేమ్ ఫ్రీగా ఇస్తే కంపెనీకి ఏం మిగులుతుంది? సీక్రెట్ ఏంటంటే, చాలాసార్లు కన్సోల్ మీద లాభం ఉండదు. ఎక్స్‌బాక్స్ మెషీన్ల మీద ఎప్పుడూ లాభం రాలేదని 2021లో ఒక కోర్టు కేసులో మైక్రోసాఫ్ట్ తరఫు వాళ్ళే చెప్పారు. డబ్బులు వచ్చేది తర్వాత మనం కొనే గేముల మీద. వాటి స్టోర్లో బయటి కంపెనీల గేమ్ కొన్నా మామూలుగా 30 శాతం దాకా కన్సోల్ కంపెనీకి వెళ్తుంది. అంటే మొదటి గేమ్ గుమ్మం మాత్రమే, వ్యాపారమంతా లోపల ఉంటుంది.

మరి మంచి గేమ్ ఒకటి ఉంటే చాలా? చాలదు. నింటెండో వీ యూలో 2014లో 'మారియో కార్ట్ 8' వచ్చింది. సూపర్ గేమ్. కానీ వీ యూ మొత్తం మీద 1 కోటి 35 లక్షల దగ్గరే ఆగిపోయింది. చాలామందికి అది కొత్త కన్సోలా, పాత వీకి తగిలించుకునే స్క్రీనా అన్నది కూడా అర్థం కాలేదు. అదే గేమ్‌ని కొన్ని మార్పులతో 2017లో స్విచ్‌లో పెడితే 6 కోట్ల కాపీలు దాటింది. గుమ్మం ఎంత బాగున్నా, ఇల్లు ఏంటో తెలియకపోతే ఎవరూ లోపలికి రారు. ఆ స్విచ్ రిలీజైన మొదటి నెల ఇంకో తమాషా జరిగింది. అమెరికాలో అమ్ముడైన స్విచ్‌ల కంటే దానికోసం అమ్ముడైన 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' కాపీలే ఎక్కువ. అంటే మెషీన్ ఇంకా దొరకని వాళ్ళు కూడా గేమ్ ముందే కొనిపెట్టుకున్నారు, కొందరు దాచుకోవడానికి రెండో కాపీ కూడా తీసుకున్నారు.

మన ఫోన్లలో కథ కొంచెం వేరు. బ్యాటిల్ రాయల్ గేమ్ కొత్తగా వేసుకున్నప్పుడు మొదటి మ్యాచుల్లో పది, పదిహేను కిల్స్ వస్తాయి, గుర్తుందా? అబ్బా, నాలో ఇంత టాలెంట్ ఉందా అనుకుంటాం. ఎదురుగా ఉన్నవాళ్ళలో చాలామంది బాట్లు మరి! మారియో మనకి నేర్పి గెలిపిస్తుంది. ఇది గెలిపించి, పొగిడి కూర్చోబెడుతుంది. రెండూ గేలాలే, కానీ రెండోదాని దారం మెల్లగా స్కిన్లు, క్రేట్ల వైపు లాగుతుంది. చెయ్యి పర్సు మీదకి వెళ్తున్నప్పుడు ఈ తేడా ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

ఓకే, మళ్ళీ మా నాన్న దగ్గరికి. కొన్ని వారాల తర్వాత ఆఫర్‌లో ఒక బస్సు సిమ్యులేటర్ గేమ్ తీసుకున్నా. నాన్నని పిలవలేదు. హాల్లో కూర్చుని నేనే నడపడం మొదలుపెట్టా. ఆయన వెనక నుంచుని చూస్తున్నారు. స్టాప్ దాటి ఆపాను. "అట్లా కాదురా, ముందు నుంచే స్పీడ్ తగ్గించుకోవాలి" అన్నారు. నేను మాట్లాడకుండా కంట్రోలర్ ఇచ్చా. మొదట అడిగిన ప్రశ్న, "హారన్ ఎక్కడుంది?" రెండోది, "వీళ్ళేంట్రా, రోడ్డుకి అటువైపు నడుపుతున్నారు?" ఆ రోజు గంటన్నర ఆడారు. ఒక్క స్టాప్ కూడా మిస్ అవ్వలేదు. మధ్యలో ఏ డిపోలో ఏం జరిగింది, వానలో ఘాట్ రోడ్డు ఎలా దిగారు, నాకెప్పుడూ చెప్పని విషయాలన్నీ చెప్పారు. నేను 49,990 పెట్టి కొన్నది నిజానికి ఆ గంటన్నర అనిపించింది.

కొత్త మనిషికి గేమ్ నచ్చాలంటే, అతనికి ముందే తెలిసినదేదో అందులో ఉండాలి. చెయ్యి ఊపడమైనా, ముక్కలు సర్దడమైనా, బస్సు ఆపడమైనా.

చివరగా, ఇంట్లో అడిగి కన్సోల్ కొనిపించుకుందాం అనుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి మూడు మాటలు. ఒకటి, ఒక్క గేమ్ ట్రైలర్ చూసి కొనకండి. ఆడాలనుకునే మూడు గేముల పేర్లు కాగితం మీద రాయండి. మూడోది రాయలేకపోతే ఆగండి. రెండు, లెక్క మొత్తం వెయ్యండి. పెద్ద గేములు రిలీజ్ టైంలో బాగా ఖరీదుగా ఉంటాయి. మూడు, ఇంట్లో ఇంకెవరు ఆడగలరో చూడండి. వాళ్ళకి మీ గేమ్ ఇవ్వకండి, వాళ్ళ గేమ్ ఇవ్వండి.

మీ అమ్మకో నాన్నకో మొదటిసారి నచ్చిన గేమ్ ఏంటో కామెంట్లో చెప్పండి. నేను నాన్నకి చదివి వినిపిస్తా. ఉంటా మరి, బై!