కంఠసర్పి – శిశురక్షణము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



డిఫ్తీరియా అనబడు కంఠసర్పి క్రొత్త వ్యాధి కాదు. గొంతులో మాంసాంకురములు పుట్టి, కంఠము నడ్డగించి ప్రాణము తీయు ‘రోహిణి’ యను రోగమును సుశ్రుతుడు వర్ణించెను. రోగి మూడు రాత్రులకు మించి జీవింపడనియు, నేర్పరియగు వైద్యుడు శీఘ్రముగా చికిత్స చేసినచో సుఖపడుననియు చరకమున గలదు. రోహిణియే కంఠసర్పి యని కొందరు పండితుల యభిప్రాయము. ‘శీఘ్రముగా’ నను నా యొక్క మాటయే నేటికిని చికిత్సకు ప్రాణము.

ఈ రోగమున జ్వరము స్వల్పముగానే యుండవచ్చును. గొంతు నొచ్చును, బిడ్డ మ్రింగలేదు, మెడ వాచును. గొంతులో బూడిదవన్నె పొర గట్టిగా నంటుకొనును. దానిని పెరికిన రక్తము స్రవించును. కావున దానిని గోకరాదు. జలుబని తలచి కషాయములతో కాలము గడుపరాదు.

క్రిమి గొంతులోనే యున్నను, దాని విషము రక్తమున బడి గుండెను, నరములను చెరచును. ఈ సంగతిని 1888లో రూ, యెర్సిన్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1890లో బేరింగ్, కిటసాటోలు విషమునకు విరుగుడు కనుగొనిరి. ఇందులకే బేరింగునకు 1901లో వైద్యశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము లభించెను.

ఈ విరుగుడు రక్తములో తిరుగుచున్న విషమునే అణచును. అవయవములలో జొచ్చిన విషమును మరల్చలేదు. అందుచేతనే వైద్యులు పరీక్షాఫలితము వచ్చువరకు వేచియుండక దానిని ప్రయోగింతురు. పెన్సిలిన్, ఎరిత్రోమైసిన్ వంటి మందులు క్రిమిని చంపును గాని విషమును హరింపవు. ఊపిరి యాడనిచో శస్త్రముతో శ్వాసనాళమునకు దారి చేయుదురు. గొంతు నయమైన పిమ్మటను గుండెకు ప్రమాద ముండును గనుక, వైద్యుడు చెప్పువరకు బిడ్డను మంచము దిగనీయరాదు. ఇంటిలోని తక్కినవారిని గూడ పరీక్ష చేయింపవలెను.

1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ పట్టణమున ఈ వ్యాధి చెలరేగెను. వైద్యుని యొద్దనున్న విరుగుడు కాలము తీరినది. సముద్రము గడ్డకట్టుటచే ఓడలు రావు. అపుడు ఇరువదిమంది కుక్కబండ్లవారు ఒకరి చేతినుండి యొకరందుకొనుచు, 674 మైళ్ల మంచుదారిని ఐదున్నర దినములలో గడచి, ఫిబ్రవరి 2వ తేదీని మందును చేర్చిరి. పరుల బిడ్డలకొరకు వారంత శ్రమపడిరి. మన బిడ్డకొరకు పెద్దాసుపత్రికి పోవ జాగు చేయుట న్యాయమా?

రాకుండ కాచుకొనుట మరియు మేలు. రామోన్ 1923లో విషమునే నిర్వీర్యము చేసి టీకామందుగా మార్చెను. నేడు మన దేశమున శిశువునకు 6, 10, 14 వారములయందును, 16–24 నెలల నడుమను, 5–6 ఏండ్లకును, పిదప 10, 16 ఏండ్లకును ఈ రక్షణగల టీకాలు ప్రభుత్వమువారు ఉచితముగా వేయుచున్నారు. గడువు దాటినచో మానివేయక, వైద్యుని అడిగి వేయింపవలెను.

గ్రంథాలయమున ప్రతి పుస్తకమునకును లెక్క యుండునట్లు, ప్రతి యింటను బిడ్డల టీకాలకు లెక్క యుండుగాక! చదువు ఫలించుటకు మొదట చదువుకొను బిడ్డ బ్రతికియుండవలెను గదా.

స్వస్తి.